హంప్ మీద అన్నేసి విమానాలు ఎందుకు కూలాయి? 1943 ఆగస్టు 2 నాటి సీ-46 నుంచి మొదలుపెడితే

1943 ఆగస్టు 2న అస్సాంలోని చాబువా ఎయిర్‌ఫీల్డ్ నుంచి అమెరికన్ ఆర్మీ సీ-46 కమాండో ఒకటి చైనాలోని కున్మింగ్‌కి బయల్దేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం నుంచి చైనాకి కొండల మీదుగా సరుకు మోసిన ఈ గాలి దారికే హంప్ అని పేరు. అందులో మొత్తం 21 మంది, వాళ్ళలో మామూలు సైనికులే కాదు, సీబీఎస్ రేడియో విలేకరి ఎరిక్ సెవరైడ్, చైనా, బర్మా రంగంలో అమెరికన్ కమాండర్ జనరల్ స్టిల్‌వెల్‌కి రాజకీయ సలహాదారుగా పనిచేస్తున్న దౌత్యవేత్త జాన్ పేటన్ డేవిస్, అమెరికన్ గూఢచారి సంస్థ ఓఎస్ఎస్ ఆఫీసర్ డంకన్ లీ, ఇంకా చైనా సైన్యం ఆఫీసర్లు కూడా ఉన్నారు. టేకాఫ్ అయ్యి గంట గడిచిందో లేదో ఎడమవైపు ఇంజిన్ పోయింది. పైలట్ వెనక్కి తిప్పాడు గానీ ఒక్క ఇంజిన్‌తో అది ఎత్తు నిలబెట్టుకోలేకపోతోంది, కింద చూస్తే పట్కాయ్ కొండలు. బరువు తగ్గుతుందని లగేజీ అంతా తలుపులోంచి బయటికి తోసేశారు, అయినా లాభం లేదు. చివరికి జన్మలో ఎప్పుడూ పారాచూట్ వేసుకుని దూకి ఎరగని వాళ్ళంతా ఒకరి వెనక ఒకరు దూకేశారు. ఆ 21 మందిలో ఒక్క కో-పైలట్ చనిపోయాడు, మిగతా 20 మంది బతికారు.

ఈ కథ అప్పట్లో అమెరికాలో బాగా పాపులర్ అయింది, కారణం తెలిసిందే, లోపల పేరున్న విలేకరి ఉన్నాడు కాబట్టి. కానీ అదే రూట్లో అలాంటి విమానాలు వందలు పడిపోయాయి, వాటి గురించి రాసేవాడు లేడు. అమెరికన్ లెక్కల ప్రకారమే ఈ రూట్లో పోయినవి, ఆచూకీ దొరకనివి, ఇక పనికిరావని పక్కన పెట్టేసినవి కలిపి దాదాపు 600 విమానాలు, చనిపోయినవాళ్ళు, కనపడకుండా పోయినవాళ్ళు కలిపి 1,650 మందికి పైనే. గమనించాల్సింది ఏంటంటే వీటిలో బాంబర్లు ఫైటర్లు కొన్నే, ఎక్కువ భాగం సరుకు మోసే విమానాలు, ఒకరకంగా గాల్లో తిరిగే లారీలు. శత్రువు కాల్చి కూల్చినవి ఇందులో చాలా తక్కువ. మరి ఎందుకు పడ్డాయి అంటే అందరూ చెప్పే సమాధానం హిమాలయాలు, వాతావరణం అని. అది అబద్ధం కాదు గానీ సగం నిజం, మిగతా సగం కోసం టన్నుల లెక్కల్లోకి వెళ్ళాలి.

ముందు అసలు ఈ రూట్ ఎందుకు పుట్టిందో చూద్దాం. చైనా తీరం మొత్తం జపాన్ చేతిలోకి పోయాక చియాంగ్ కై షేక్ ప్రభుత్వానికి బయటి నుంచి సరుకు రావడానికి మిగిలిన దారి బర్మాలోని లాషియో నుంచి చైనాలోకి పోయే బర్మా రోడ్. 1942 ఏప్రిల్ చివర్లో జపాన్ లాషియోని పట్టుకోగానే అదీ తెగిపోయింది. చైనా గనక చేతులెత్తేస్తే అక్కడ ఇరుక్కుపోయి ఉన్న లక్షల మంది జపాన్ సైనికులు ఖాళీ అయ్యి పసిఫిక్‌లో అమెరికా మీదకి వస్తారు, అందుకని రూజ్‌వెల్ట్ ఎలాగైనా చైనాకి సరుకు అందాల్సిందే అన్నాడు. రోడ్డు లేదు, రైలు లేదు, సముద్రం లేదు, ఇక మిగిలింది గాలి ఒక్కటే. అస్సాం తేయాకు తోటల మధ్యలో చాబువా, దిన్జాన్, సుకెరటింగ్, మోహన్‌బాడీ, జోర్హాట్, తేజ్‌పూర్ లాంటి చోట్ల రన్‌వేలు వేశారు, అవతల కున్మింగ్ చుట్టుపక్కల చైనా కూలీలు చేత్తో రాళ్ళు పగలగొట్టి రన్‌వేలు చేశారు. మన ఎయిర్‌ఫోర్స్‌లో చేసినవాళ్ళకి ఈ పేర్లలో చాలా వరకు పోస్టింగుల పేర్లుగానే తెలుసు, మోహన్‌బాడీ అయితే ఇప్పటి దిబ్రూగఢ్ ఎయిర్‌పోర్టే.

మధ్యలో దూరం సుమారు 800 కిలోమీటర్లు, అంటే మరీ పెద్దదేం కాదు. కానీ ఆ 800 కిలోమీటర్లలో ఏముందో చూస్తే విషయం అర్థమవుతుంది. బ్రహ్మపుత్ర లోయ దాదాపు సముద్రమట్టానికి దగ్గర్లో ఉంటుంది, అక్కడ లేచిన విమానం వెంటనే 10,000 అడుగుల పట్కాయ్ దాటాలి, తర్వాత ఎగువ చింద్విన్ లోయ, తర్వాత కుమోన్ కొండలు, ఆ తర్వాత వరసగా ఇరావతి రెండు పాయలు, సాల్వీన్, మెకాంగ్ నదులు, ఒక్కో నదికీ నదికీ మధ్యన 14,000 నుంచి 16,000 అడుగుల గోడ. సాల్వీన్‌కీ మెకాంగ్‌కీ మధ్య ఉన్న సుమారు 15,000 అడుగుల వరసకే అసలు హంప్ అని పేరు, తర్వాత మొత్తం రూట్‌కే ఆ పేరు అంటుకుంది. పోల్చుకోవాలంటే మన పాడేరు అరకు వైపు తూర్పు కనుమల్లో బాగా ఎత్తైన శిఖరాలే ఐదున్నర వేల అడుగులు, కున్మింగ్‌లో విమానం దిగే రన్‌వేనే 6,000 అడుగుల పైన ఉంటుంది.

జపాన్ ఫైటర్లు లేకపోతే కొంచెం దక్షిణంగా, తక్కువ ఎత్తు కొండల మీదుగా పోవచ్చు. కానీ 1942 మేలో ఉత్తర బర్మాలోని మిట్కినా జపాన్ చేతిలోకి వెళ్ళింది, అక్కడి ఎయిర్‌ఫీల్డ్ నుంచి వాళ్ళ ఫైటర్లు లేస్తాయి, ఆ భయంతో సరుకు విమానాలన్నీ ఉత్తరానికి, ఇంకా ఎత్తైన కొండల మీదకి జరగాల్సి వచ్చింది. అంటే శత్రువు నేరుగా కూల్చింది తక్కువే అయినా కొండల్లోకి తరిమింది మాత్రం శత్రువే.

ఇక వాతావరణం. బంగాళాఖాతం నుంచి తేమతో నిండిన వేడి గాలి, సైబీరియా వైపు నుంచి చల్లగాలి, పడమటి నుంచి పొడిగాలి, ఈ మూడూ సరిగ్గా ఆ కొండల మీదే గుద్దుకుంటాయి. మే నుంచి అక్టోబర్ దాకా వర్షాకాలం, మబ్బుల్లోంచి బయటికి రాకుండానే మొత్తం ప్రయాణం అయిపోయేది, పైన ఎత్తులో రెక్కల మీద, ప్రొపెల్లర్ల మీద, కార్బురేటర్లో మంచు. చలికాలం వస్తే మబ్బు తగ్గుతుంది గానీ గాలి, గంటకి 150 కిలోమీటర్లు దాటి 200 కూడా. ఈ గాలి చేసే మోసం ఒకటుంది, అది ఎక్కువగా నైరుతి నుంచి కొడుతుంది కాబట్టి తూర్పుకి పోతున్న విమానాన్ని పైలట్‌కి తెలియకుండానే ఉత్తరానికి నెట్టేస్తుంది, ఉత్తరాన ఉన్నవి 15,000 కాదు, 20,000 అడుగులవి. మబ్బులో నేల కనపడదు, దారిలో నేల మీద నుంచి సిగ్నల్ ఇచ్చి దారి చూపే రేడియో బీకన్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, మ్యాపులు సరిగ్గా లేవు, కొన్ని శిఖరాల ఎత్తులు మ్యాపుల్లో తప్పుగా ఉన్నాయి. అలాంటప్పుడు పైలట్ తను రూట్ మీదే ఉన్నానని అనుకుంటూ కొండలోకి వెళ్ళిపోతాడు. ఇలా పోయిన విమానాల్లో చాలావాటికి ఏమైందో ఇప్పటికీ తెలీదు, ఎందుకంటే చివరి రేడియో మెసేజ్ కూడా ఉండదు, అంతా బాగానే ఉన్నట్టు పోతూ పోతూ మాయమవడమే.

వాతావరణం గురించి చెప్పేటప్పుడు 1945 జనవరి 6, 7 తేదీల తుఫాన్ చెప్పకపోతే కుదరదు. ఆ రాత్రి గాలి విమానాల్ని నిమిషంలో వేల అడుగులు పైకి విసిరి మళ్ళీ కిందకి పడేసింది, కొన్నిటిని తలకిందులు కూడా చేసింది. ఆ ఒక్క రాత్రిలో ఈ రూట్ నడిపే ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ కమాండ్‌వే తొమ్మిది విమానాలు పోయాయి, మిగతా యూనిట్లవి వేరే. అలాంటి రాత్రికి ఏ పైలటూ, ఏ విమానమూ చాలదు, అక్కడ ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు.

కానీ ఆగస్టు 2న సెవరైడ్ వాళ్ళ విమానం పడింది తుఫాన్ వల్ల కాదు. ఇంజిన్ వల్ల.

సీ-46 చూడ్డానికి గంభీరంగా ఉంటుంది, పెద్ద పొట్ట, రెండు వేల హార్స్‌పవర్ ఇంజిన్లు రెండు. అసలు దీన్ని కర్టిస్ కంపెనీ ప్యాసింజర్ విమానంగా డిజైన్ చేసింది, 1940లో మొదటిసారి ఎగిరింది, యుద్ధం రావడంతో ఆర్మీ తీసేసుకుని సరుకు విమానంగా మార్చేసింది. అప్పటి దాకా వాడిన సీ-47, అంటే మనం డకోటా అని పిలుచుకునేది, చాలా నమ్మకమైనదే గానీ మోసేది తక్కువ, లోడ్‌తో ఆ ఎత్తులకి ఎక్కాలంటే ఆయాసపడేది. సీ-46 అయితే దానికి దాదాపు రెట్టింపు మోస్తుంది, ఎత్తు కూడా పోతుంది, కాగితం మీద చూస్తే హంప్ కోసమే పుట్టినట్టు ఉంటుంది. 1943 ఏప్రిల్‌లో మొదటి బ్యాచ్ ఇండియా వచ్చింది. సమస్య ఎక్కడంటే, కొత్త మోడల్‌ని మామూలు పరిస్థితుల్లో తిప్పి లోపాలన్నీ పట్టుకుని సరిచేశాక కదా కష్టమైన రూట్లో పెట్టాలి, ఇక్కడ రివర్స్, లోపాలు పట్టుకునే పనిని ప్రపంచంలోకెల్లా కష్టమైన రూట్లోనే పెట్టారు. కార్బురేటర్లో మంచు పట్టడం, ప్రొపెల్లర్ కంట్రోల్ మొరాయించడం, వానొస్తే కాక్‌పిట్‌లో కారడం, ఇవి ఒక ఎత్తు, రెక్కల్లో ఫ్యూయల్ లీకై ఆ ఆవిరి బయటికి పోయే దారి లేక పోగుపడటం ఇంకో ఎత్తు, ఒక్క నిప్పురవ్వ చాలు. గాల్లోనే పేలిపోయినవి ఉన్నాయి. సిబ్బంది దానికి ఎగిరే శవపేటిక అని పేరు పెట్టుకున్నారంటే ఊరికే కాదు.

ఒక ఇంజిన్ పోతే ఏమవుతుంది అన్నది కూడా అర్థం చేసుకోవాలి. రెండు ఇంజిన్ల విమానం ఒక్కదాంతోనూ ఎగరగలదు, అది నిజమే, కానీ ఎంత ఎత్తులో అన్నదే ప్రశ్న. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది, ఇంజిన్ శక్తి పడిపోతుంది, ఫుల్ లోడ్‌తో ఉన్న సీ-46 ఒక్క ఇంజిన్‌తో నిలబడగలిగే ఎత్తు, కింద ఉన్న కొండల ఎత్తు కంటే తక్కువ. మైదానం మీద అయితే ఇది మామూలు ఎమర్జెన్సీ, దగ్గర్లో ఏదో ఒక ఫీల్డ్‌లో దిగిపోతారు. హంప్ మీద అయితే ఇంజిన్ ఆగిన క్షణం నుంచి విమానం మెల్లగా కొండలోకి దిగడం మొదలుపెట్టినట్టే, పైలట్ చేతిలో మిగిలేది ఎప్పుడు దూకమని చెప్పాలి అన్న నిర్ణయం ఒక్కటే. ఆగస్టు 2న జరిగింది సరిగ్గా ఇదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1943 మేలో వాషింగ్టన్‌లో జరిగిన పెద్ద మీటింగులో జులైకల్లా నెలకి 7,000 టన్నులు, సెప్టెంబర్‌కల్లా 10,000 టన్నులు చైనాకి చేరాలని తీర్మానం చేశారు. అప్పటికి ఉన్న పరిస్థితి ఏంటంటే అస్సాంలో రన్‌వేలు ఇంకా పూర్తి కాలేదు, మెకానిక్కులు చాలరు, స్పేర్ పార్టులు కలకత్తా, కరాచీ రేవుల నుంచి రావాలి, హ్యాంగర్లు లేవు, ఎండ కాస్తే పగలంతా ఇంజిన్ లోహం ముట్టుకుంటే కాలిపోయేంత వేడి కాబట్టి రిపేర్లు రాత్రి పూట చేయాలి. జులైలో చేరింది మూడున్నర వేల టన్నుల దగ్గర ఆగిపోయింది, టార్గెట్‌లో సగం. మామూలుగా అయితే టార్గెట్ తప్పు అనుకోవాలి. పై వాళ్ళు పనిచేసేవాళ్ళది తప్పు అనుకున్నారు, ఒత్తిడి పెంచారు. సెవరైడ్ విమానం పడింది సరిగ్గా ఆ జులై అయిపోయిన రెండో రోజు అన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

ఆ శరదృతువులో ఎయిర్‌లైన్ అనుభవం ఉన్న టామ్ హార్డిన్‌ని అక్కడికి పంపారు. గట్టి మనిషి, తను కూడా విమానం తీసుకుని రూట్ మీద తిరిగేవాడు, అది ఒప్పుకోవాలి. రాత్రి పూట ఫ్లైట్లు మొదలుపెట్టాడు, వాతావరణం బాలేదని ఫ్లైట్ ఆపడం దాదాపు బంద్ చేయించాడు. టన్నులు పెరిగాయి, డిసెంబర్‌కి 12,000 దాటేశాయి, రూజ్‌వెల్ట్ ఆ యూనిట్‌కి ప్రత్యేక గుర్తింపు కూడా ఇచ్చాడు, యుద్ధంలో నేరుగా పోరాడని ఒక యూనిట్‌కి అలాంటి గౌరవం దక్కడం అదే మొదటిసారి. కానీ టన్నులతో పాటే శవాలూ పెరిగాయి. తర్వాత వచ్చిన కమాండర్ విలియం టన్నర్ వేసిన లెక్క ప్రకారం చైనాకి చేరిన ప్రతి వెయ్యి టన్నులకీ ముగ్గురు అమెరికన్లు ప్రాణాలు ఇచ్చుకున్నారు. ఇంత కష్టపడి మోసిన దాంట్లో సగానికి పైగా ఏంటి అంటే పెట్రోలు, చైనాలో ఉన్న అమెరికన్ విమానాలు ఎగరడానికి. పెట్రోలు మోయడానికి విమానం తాగే పెట్రోలు వేరే.

పైలట్ల సంగతి ఇంకో గోల. చాలామంది అప్పుడే ట్రైనింగ్ స్కూల్ నుంచి బయటికి వచ్చిన కుర్రాళ్ళు, మబ్బులో పరికరాలు మాత్రమే చూసి నడపడం అంతగా అలవాటు లేనివాళ్ళు. దానికి తోడు ఒక రూల్ ఉండేది, 650 గంటలు ఎగిరితే ఇంటికి పంపేస్తారు. ఎవరైనా ఏం చేస్తారు, ఎంత తొందరగా ఆ గంటలు పూర్తి చేసుకుంటే అంత తొందరగా ఈ నరకం నుంచి బయటపడొచ్చు అని రోజూ ఎగరడానికి రెడీ అయిపోయేవాళ్ళు, కొంతమంది నెలకి 165 గంటల దాకా ఎగిరి నాలుగు నెలల్లో పని ముగించేవాళ్ళు. ఆ ఎత్తుల్లో విమానంలో ప్రెషర్ ఉండదు, గంటలకొద్దీ ఆక్సిజన్ మాస్క్, కింద బేస్‌లో మలేరియా, విరేచనాలు. అలసిపోయిన మనిషి, అలసిపోయిన ఇంజిన్, పైన మబ్బు, కింద కొండ. రూల్ పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే, పాపం పైలట్‌కి ఒక గమ్యం ఉండాలని, కానీ అది పనిచేసిన తీరు మాత్రం పూర్తిగా ఉల్టా.

కొండల్లో దూకినవాళ్ళ దగ్గరికి మళ్ళీ వద్దాం, ఎందుకంటే వాళ్ళు బతికిన విధానం కూడా ఈ లెక్కలో భాగమే. విమానం పడిపోయే ముందు రేడియో ఆపరేటర్ తమ పొజిషన్ పంపగలిగాడు, అదే వాళ్ళని బతికించింది. కొంతసేపటికే ఒక సీ-47 వచ్చి వాళ్ళని వెతికి పట్టుకుంది, పైనుంచి దుప్పట్లు, తిండి, తుపాకులు వదిలింది, దాంతో పాటు ఒక చీటీ, ఆ ఊరివాళ్ళు మంచివాళ్ళు కాకపోవచ్చు జాగ్రత్త అని. చీటీ కిందకి చేరేసరికే ఊరివాళ్ళు ఈటెలు, దావ్ కత్తులతో వచ్చి వీళ్ళ పక్కన నిలబడి ఉన్నారు, వాళ్ళేమీ చేయలేదు సరికదా ఊళ్ళోకి తీసుకెళ్ళారు. ఆ ఊరు పొన్యో, బర్మా సరిహద్దు మీది నాగా గ్రామం. దూకినవాళ్ళలో రేడియో ఆపరేటర్ కాలు విరిగింది. డాక్టర్ కావాలని కింద నుంచి సైగలు చేస్తే ఆ సాయంత్రమే లెఫ్టినెంట్ కల్నల్ డాన్ ఫ్లికింజర్ అనే ఆర్మీ డాక్టరు, ఇద్దరు మెడికల్ సిబ్బందితో కలిసి పారాచూట్‌లో దూకేశాడు. క్షేమంగా ఉన్న మనిషి, తనంతట తాను, తిరిగొచ్చే దారి తెలియని చోటికి దూకడం అంటే చిన్న విషయం కాదు. ఇదే ఫ్లికింజర్ తర్వాత కాలంలో అమెరికా మొదటి వ్యోమగాముల్ని ఎంపిక చేసే వైద్య పరీక్షల పనిలో కూడా ఉన్నాడు.

పొన్యో పక్కనే పాంగ్షా, ఇప్పుడు నాగాలాండ్ నోక్లాక్ జిల్లాలో ఉంది. బ్రిటిష్ వాళ్ళు పాంగ్షా పేరు వింటేనే ఉలిక్కిపడేవాళ్ళు, తలలు నరికే దాడులకి, బానిసల్ని ఎత్తుకెళ్ళడానికి పేరుపడ్డ ఊరు, 1936లో దాని మీదకి సైన్యాన్ని కూడా పంపారు. ఆ దండయాత్రతో పాటు వెళ్ళిన ఒక ఆస్ట్రియన్ యువ పరిశోధకుడి పేరు తెలంగాణ వాళ్ళకి బాగా తెలుసు, క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. అవును, మార్లవాయి హైమన్‌డార్ఫే. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఆయన దగ్గర ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశస్థుడి కింద లెక్కగట్టి హైదరాబాద్ రాజ్యం దాటి పోవద్దంది, అలా నల్లమల చెంచుల్ని, గోదావరి కొండరెడ్లని, ఆదిలాబాద్ గోండుల్ని అధ్యయనం చేస్తూ ఉండిపోయాడు. అంటే ఈ అమెరికన్లు పొన్యోలో నాగాలని చూసి భయపడుతున్న రోజుల్లో, ఆ ఊళ్ళ గురించి కళ్ళారా చూసి చెప్పగలిగిన అతి కొద్దిమందిలో ఒకాయన మన దగ్గర గోండు గూడేల్లో తిరుగుతున్నాడన్నమాట. చరిత్రలో ఇలాంటివి భలే ఉంటాయి.

విమానం పడిన చోటికి మొకోక్‌చుంగ్ నుంచి అక్కడి సబ్ డివిజనల్ ఆఫీసర్ ఫిలిప్ ఆడమ్స్ నాగా పోర్టర్లతో నడిచి వచ్చేసరికి దాదాపు రెండు వారాలు పట్టింది. ఈలోపు వీళ్ళకి పైనుంచి సరుకు పడుతూనే ఉంది, డాక్టరు ఊరివాళ్ళకి కూడా మందులు వేశాడు, పారాచూట్ గుడ్డ అంటే అక్కడ మంచి గిరాకీ. జపాన్ గస్తీ దళం వస్తుందేమో అన్న భయం ఒకపక్క ఉంది. ఆ తర్వాత వారం పైచిలుకు నడక, వానలో, జలగల మధ్య, కొండ ఎక్కడం దిగడం, మొత్తం వంద కిలోమీటర్లకి పైనే. ఆగస్టు చివరి వారంలో అస్సాం చేరారు. ఆ నడకలో చూపించిన ధైర్యానికి డేవిస్‌కి 1948లో మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చారు, 1954లో అదే డేవిస్‌ని మెకార్తీ రోజుల కమ్యూనిస్టు వేటలో ఉద్యోగం నుంచి తీసేశారు. విచిత్రం ఏంటంటే అదే విమానంలో ఉన్న డంకన్ లీ సోవియట్లకి సమాచారం ఇచ్చేవాడని తర్వాత సోవియట్ రహస్య సందేశాల్ని డీకోడ్ చేసినప్పుడు బయటపడింది, ఆయన మీద కేసు మాత్రం ఏనాడూ పడలేదు.

పెద్దవాళ్ళున్న విమానం పడింది కాబట్టి అంత హడావిడి జరిగింది అనుకోవడంలో తప్పు లేదు. అప్పటిదాకా ఈ రూట్లో పడిపోయినవాళ్ళని వెతకడానికంటూ పద్ధతిగా ఒక యూనిట్టే లేదు, ఎవరి విమానం పోతే వాళ్ళ స్నేహితులు ఖాళీ ఉన్నప్పుడు వెతికేవాళ్ళు. ఆ ఏడాది చివర్లో చాబువాలో కెప్టెన్ జాన్ పోర్టర్ ఆధ్వర్యంలో రెండు సీ-47లతో సెర్చ్ అండ్ రెస్క్యూ బృందం ఒకటి మొదలైంది, ఆయన ముద్దుపేరు మీద దానికి బ్లాకీస్ గ్యాంగ్ అని పేరు. డిసెంబర్ 10న జపాన్ ఫైటర్లు పోర్టర్ విమానాన్ని కూల్చేశాయి, ఆయన పోయాడు, పని మాత్రం ఆగలేదు. యుద్ధం అయ్యేలోపు ఈ కొండల్లో దూకినవాళ్ళు, కూలినవాళ్ళలో సుమారు 1,200 మంది ప్రాణాలతో బయటికి వచ్చారు. వాళ్ళని నిజంగా కాపాడింది ఎవరంటే పైనుంచి చూసిన విమానాల కంటే ఎక్కువగా కింద ఉన్న నాగా, కచిన్, లీసు, ఆదీ, మిష్మి తెగల జనం. దారి చూపించింది, మోసింది, తిండి పెట్టింది వాళ్ళే. ఆ రికార్డుల్లో అమెరికన్ సిపాయిల పేర్లు నంబర్లతో సహా ఉంటాయి, వీళ్ళవి మాత్రం ఎక్కువగా స్థానికులు అనే ఒక్క మాట కింద పోయాయి.

ఇక టన్నర్ దగ్గరికి. 1944 సెప్టెంబర్‌లో ఆయన బాధ్యత తీసుకున్నాడు. వచ్చిన కొత్తలో తనే సీ-46 తీసుకుని హంప్ దాటాడు, రన్‌వే చివర్లో పడి కాలిపోయిన విమానాల మచ్చలు చూశాడు. ఆయన చేసినవి వింటే అంత గొప్పగా ఏమీ అనిపించవు. 650 గంటల రూల్ తీసేసి 750 గంటలు చేశాడు, దాంతో పాటు కనీసం ఏడాది ఉండాల్సిందే అన్నాడు, దాంతో తొందరపడి ఎగరడంలో లాభం పోయింది. పైలట్లు మొదట తిట్టుకున్నారు, తిట్టుకోరా మరి. విమానాల మెయింటెనెన్స్‌ని ఫ్యాక్టరీ లైన్ లాగా మార్చాడు, విమానం ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి జరుగుతూ పోతుంది, ప్రతిచోటా ఒకే పని బాగా తెలిసిన టీమ్. ప్రతి ప్రమాదాన్నీ విడదీసి చూసి అందులో పైలట్ తప్పెంత, మెషీన్ తప్పెంత అని రాయించాడు, చెక్‌లిస్టులు తప్పనిసరి చేశాడు, తుఫాన్ ఉంటే ఆగమన్నాడు. పెట్రోలు డ్రమ్ములు ఎక్కించడానికి ఏనుగుల్ని కూడా వాడారు, ఫొటోలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఫలితం చూడండి. 1944 మొదట్లో వెయ్యి ఎగిరే గంటలకి దాదాపు రెండు ప్రమాదాలు. 1945 జులైలో 0.358. అదే జులైలో మోసింది 71,000 టన్నులు, అంటే 1943 డిసెంబర్ కంటే ఐదు రెట్లకి పైన, ఆ నెల మొత్తం మీద 23 పెద్ద ప్రమాదాలు, 37 మరణాలు. పాత రేటే ఉండి ఉంటే ఆ ఒక్క నెలలో వందకి పైగా విమానాలు పోయేవి. 1945 ఆగస్టు 1న అయితే 24 గంటల్లో వెయ్యికి పైగా ట్రిప్పులు, ఒక్క ప్రాణం కూడా పోలేదు.

కొండలు అవే. గాలులు అవే. సీ-46లు కూడా చాలావరకు అవే, లోపాలు సరిచేసినవి. మరి మారిందేంటి?

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి, మొత్తం క్రెడిట్ టన్నర్‌కే ఇవ్వడం కూడా కరెక్ట్ కాదు. 1944 మే 17న మిట్కినా ఎయిర్‌ఫీల్డ్, ఆగస్టు 3న ఊరు మిత్రసేనల చేతికి వచ్చాయి, దాంతో దక్షిణం వైపు తక్కువ ఎత్తు రూట్ తెరుచుకుంది, నాలుగు ఇంజిన్ల సీ-54లు ఆ దారిలో తిరగడం మొదలైంది, అవి లేకపోతే లెక్కలు ఇంత అందంగా ఉండేవి కావు. రేడియో బీకన్లూ పెరిగాయి. అమెరికన్ పుస్తకాల్లో టన్నర్ ఒక్కడే హీరో అయిపోవడానికి కారణం తర్వాత 1948లో బెర్లిన్ ఎయిర్‌లిఫ్ట్ నడిపింది కూడా ఆయనే కావడం. అయినా సరే ఉత్తరపు రూట్లో కూడా ప్రమాదాలు తగ్గాయి, జనవరి తుఫాన్ లాంటిది వచ్చినా మొత్తం మీద రేటు కిందకే పోయింది. అలసట తగ్గించడం, మెషీన్ చూసుకోవడం, ఆగాల్సినప్పుడు ఆగడం, ఈ మూడూ 1943లో కూడా తెలియనివేం కావు. 1943లో వాటికి టైమ్ ఇవ్వలేదు, అంతే. ఆగస్టు 2న ఇంజిన్ ఆగింది పట్కాయ్ మీద కావచ్చు గానీ ఆ ఇంజిన్ ఆ కండిషన్‌లో ఆ కొండ మీదకి వెళ్ళాలని నిర్ణయం అయింది మేలో, వాషింగ్టన్‌లో, టేబుల్ చుట్టూ కూర్చున్నప్పుడు.

హంప్ దాటిన సరుకు మొత్తం 6,50,000 టన్నులు. ఆ దారి పొడవునా పడిన శకలాలకి పైలట్లు అల్యూమినియం ట్రెయిల్ అని పేరు పెట్టుకున్నారు, ఎండ పడితే తళతళ మెరుస్తుంటే వాటిని చూసుకుంటూ రూట్ పట్టుకునేవాళ్ళట. ఇప్పటికీ అరుణాచల్ అడవుల్లో వేటకి వెళ్ళినవాళ్ళకి రెక్క ముక్కలు, ఇంజిన్లు తగులుతూనే ఉంటాయి. 1944 జనవరి 25న కున్మింగ్ నుంచి చాబువా తిరిగి వస్తూ ఎనిమిది మందితో మాయమైన ఒక బీ-24 శకలాలు 2006లో అప్పర్ సియాంగ్‌లోని దామ్‌రో దగ్గర దొరికాయి, అక్కడ తవ్వితే బయటపడ్డ అవశేషాలని 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలో అమెరికన్ రక్షణ మంత్రి ఆష్ కార్టర్ ఉండగా వాళ్ళ దేశానికి పంపించారు. 2023లో పాసీఘాట్‌లో హంప్ మీద ఒక మ్యూజియం కూడా తెరిచారు. 2019 జూన్ 3న అదే జోర్హాట్ నుంచి మేచుకాకి 13 మందితో బయల్దేరిన మన ఎయిర్‌ఫోర్స్ ఏఎన్-32 కొండల్లో కనపడకుండా పోయింది, శాటిలైట్లు, హెలికాప్టర్లు, డ్రోన్లు అన్నీ దింపి వెతికినా లిపో దగ్గర 12,000 అడుగుల ఎత్తులో శకలాలు కనపడటానికి ఎనిమిది రోజులు పట్టింది, అక్కడికి దిగిన బృందాలు మృతదేహాలతో బయటికి రావడానికి ఇంకా ఎక్కువ. ఆ వెతుకులాటలో కూడా ముందు నడిచి దారి చూపించినవాళ్ళలో ఊళ్ళో వేటగాళ్ళు, పోర్టర్లు ఉన్నారు.